మా బొంతల దుకాణం

మేము అక్కాచెల్లెళ్ళం ఇద్దరం. ఒకరు పదకొండో తరగతి, ఒకరు ఎనిమిదో తరగతి. ఇది ఇద్దరం కలిసి రాశాం కాబట్టి మొత్తం 'మేము' అనే ఉంటుంది. ఏ తప్పు ఎవరు చేశారో విడదీసి చెప్పకూడదని ముందే ఒప్పందం చేసుకున్నాం.

2022 వేసవి సెలవుల్లో అమ్మమ్మ తెనాలి నుంచి జబల్‌పూర్ వచ్చింది. పెట్టె నిండా పచ్చళ్ళు ఉంటాయనుకుంటే సగం పాత నూలు చీరలే. ఆవిడకు ఖాళీగా కూర్చోవడం రాదు. మధ్యాహ్నం పూట కూలర్ ముందు చాప పరుచుకుని, చీరను నాలుగు మడతలు వేసి బొంత కుట్టడం మొదలుపెట్టింది. ఐదున్నర మీటర్ల చీరను నాలుగు మడతలు వేస్తే దాదాపు నాలుగున్నర అడుగుల పొడవు, నాలుగు అడుగులకు కాస్త తక్కువ వెడల్పు వస్తుంది. పసిపిల్లల కింద పరచడానికి, చలికి చుట్టి ఎత్తుకోవడానికి సరిగ్గా సరిపోతుంది. కింది వాటా వాళ్ళకు మనవడు పుట్టాడని ఒకటి ఇచ్చింది. ఆ ఆంటీ దాన్ని ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టారు. వారం తిరక్కుండా ముగ్గురు 'మాకూ కావాలి, ఎంత?' అని అడిగారు.

'ఎంత' అన్న ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. అయినా దుకాణం తెరిచేశాం. అమ్మ పేరుతో ఇన్‌స్టాగ్రామ్ పేజీ, అమ్మ బ్యాంకు ఖాతా, అమ్మ ఫోను. కుట్టేది అమ్మ, ఇక్కడున్నన్నాళ్ళు అమ్మమ్మ. ఫోటోలు, మెసేజీలు, లెక్కలు, ప్యాకింగు, పోస్టాఫీసు మావి. అమ్మమ్మ తెచ్చిన చీరలు నెలలోనే అయిపోయాయి. అప్పుడు ఒకావిడ 'మా అత్తగారి చీర పంపిస్తాను, దానితో కుట్టిస్తారా?' అని అడిగారు. ఆ తర్వాత వచ్చినవన్నీ దాదాపు అలాంటివే. ఎవరి చీర వాళ్ళు పోస్టులో పంపుతారు, మేము దాన్ని బొంత చేసి తిరిగి పంపుతాం.

నాన్నగారు మాత్రం ముందు ఒక పుస్తకం తీశారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి, 1964. అందులో 15వ నియమం ప్రకారం ఇంట్లో వాళ్ళెవరైనా వ్యాపారం చేస్తుంటే ఉద్యోగి ఆ సంగతి ప్రభుత్వానికి తెలియజేయాలట. 'మూడు బొంతలకు కూడానా?' అని మేము నవ్వాం. ఆయన నవ్వలేదు. ఆ రాత్రే ఆఫీసుకు ఉత్తరం రాశారు. ఈ పత్రిక చదివే ఇళ్ళల్లో అమ్మ ట్యూషన్లు చెబుతున్నా, కేకులు చేసి అమ్ముతున్నా ఒకసారి నాన్నను అడిగి చూడండి. అప్పుడు మాది అద్దె ఇల్లు. 'రేపు క్వార్టరు వస్తే మళ్ళీ అడగాలి. అది ఉండడానికిచ్చే ఇల్లు, దుకాణానికి కాదు' అని కూడా అన్నారు. ఆ మాట అప్పుడు మాకు పట్టలేదు.

మొదటి ధర 350 రూపాయలు పెట్టాం. ఎందుకంటే 350 అంటే బాగుంటుందనిపించింది, అంతే. పది బొంతలు అమ్మాక దసరా సెలవుల్లో లెక్క వేశాం. దారం, లోపలి గుడ్డ కలిపి 40. కవరు, టేపు, పైన కుట్టే తెల్లగుడ్డ 25. పోస్టుకు సుమారు 100. మిగిలేది 185. ఒక్కో బొంతకు అమ్మ ఎంతసేపు కూర్చుంటుందో మేమెప్పుడూ చూడలేదు. మరుసటి బొంతకు గడియారం పెట్టి చూస్తే ఇరవై గంటలు. అంటే గంటకు తొమ్మిది రూపాయల పావలా. ఆ పేజీ అమ్మకు చూపించడానికి మాకు సిగ్గేసింది. అమ్మ చూసి, 'నాకు తెలుసులే, మీరు సరదా పడుతున్నారని ఊరుకున్నాను' అంది. అది విని ఇంకా సిగ్గేసింది.

900 చేశాం. నెల రోజులు ఒక్క ఆర్డరూ రాలేదు. ఒకరైతే 'పాత గుడ్డ మాదే కదా, 900 దేనికి?' అని రాశారు. కోపంతో పెద్ద జవాబు టైపు చేసి చెరిపేశాం. దాని బదులు అమ్మ చేతుల వీడియో ఒకటి పెట్టాం. సూది కిందికి పోయి పైకి రావడం, వరస పక్కన వరస, మాటల్లేవు, పాట లేదు. ఆ తర్వాత ఆర్డర్లు మెల్లగా వచ్చాయి. మునుపటికంటే తక్కువే, కానీ అమ్మ నడుం నొప్పి కూడా తగ్గింది. మాకు ఆ సంఖ్యే సరైనదనిపించింది.

చిన్న చిన్న పాఠాలు చాలా ఉన్నాయి, రెండు మూడు చెబుతాం. ఫోటోలో బొంత పక్కన ఏదీ పెట్టకపోతే అది ఎంత ఉందో తెలియదు. ఒకరు డబుల్ కాట్‌కు సరిపోతుందనుకుని ఆర్డరిచ్చారు. అప్పటినుంచి పక్కన జామెట్రీ బాక్సు పెట్టి ఫోటో తీస్తున్నాం. జామెట్రీ బాక్సు ఎంతుంటుందో తెలియని ఇల్లు లేదు కదా.

ఇంకోటి. ఒకాయన పెద్ద అధికారినని చెప్పి పన్నెండు బొంతలు ఒకేసారి కావాలన్నాడు. అడ్వాన్సు పంపుతాను, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అన్నాడు. పది వేల ఎనిమిది వందలు అని మేము అప్పటికే గెంతుతున్నాం. అమ్మ వేలు పిన్ దగ్గర ఆగింది. 'మనకు డబ్బు రావడానికి మన పిన్ ఎందుకే?' అంది. నిజమే, యూపీఐలో డబ్బు పంపేటప్పుడే పిన్ కావాలి, పుచ్చుకోవడానికి అక్కర్లేదు. లెక్కల్లో మాకు నూటికి తొంభై పైన వస్తాయి, అమ్మ చదివింది ఇంటరు.

పార్సిళ్ళు పంపడం వల్ల దేశపటం మాకు కొత్తగా అర్థమైంది. మేము బొంత అనేదాన్ని మరాఠీ వాళ్ళు గోధడి అన్నారు, కన్నడం ఆంటీ కౌది అంది, బీహార్ ఆవిడ సుజనీ అంది, బెంగాలీ వాళ్ళు కాంథా అన్నారు. అందరి అమ్మమ్మలూ ఒకే పని చేశారన్నమాట. పిన్‌కోడ్ చూస్తే ఊరు తెలియడం కూడా వచ్చింది. ఆరంకెల పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న మొదలైంది. మొదటి అంకె ప్రాంతాన్ని చెబుతుంది. మన తెలుగు రాష్ట్రాలకు, కర్ణాటకకు 5. ఒకసారి ఒక జవాను నుంచి ఆర్డరు వచ్చింది, వాళ్ళమ్మ చీరలు రెండు కలిపి తనకోసమే పెద్ద బొంత కావాలని. అడ్రసులో ఊరి పేరే లేదు. యూనిట్ పేరు, 56 ఏపీఓ, 9తో మొదలయ్యే పిన్. కొరియర్ కౌంటర్లో ఆ నంబరు కొట్టి, మా లిస్టులో లేదు పొమ్మన్నారు. అడ్రసు తప్పేమోనని మేము కంగారు పడుతుంటే, క్లాసులో ఆర్మీ వాళ్ళ అమ్మాయి పడీపడీ నవ్వింది. 9 అంటే సైన్యపు తపాలా, అది పోస్టాఫీసు ద్వారానే వెళుతుందని చెప్పింది. నిజంగానే పోస్టాఫీసులో మారుమాట లేకుండా తీసుకున్నారు. అది ఏ కొండ మీదికి వెళ్ళిందో మాకు ఇప్పటికీ తెలియదు.

ఇక అసలు సంగతి. దీన్ని రాయాలా వద్దా అని చాలాసేపు అనుకున్నాం.

2023 సెప్టెంబరులో ఒకే గురువారం రెండు పార్సిళ్ళు వచ్చాయి. ఒకటి నాగపూర్ నుంచి, ఒకటి సికింద్రాబాద్ నుంచి. రెండింటిలోనూ ఆకుపచ్చ మంగళగిరి చీరలే, రెండింటికీ ఎర్రంచే. సికింద్రాబాద్ ఆవిడ, కొంగు కోసి మధ్యలో పెట్టి అంచును చుట్టూ వేయమన్నారు, కొంగు దగ్గర ఇంకు మరక ఉంది, అది లోపలికి పోయేలా చూడమన్నారు. నాగపూర్ ఆంటీ మెసేజీ ఇలా ఉంది: 'మా అమ్మ చీర. అమ్మ పోయి పదేళ్ళయింది. కత్తెర పెట్టకండి. బొంత ఎప్పుడైనా విప్పితే మళ్ళీ చీర కావాలి.'

మరునాడు పరీక్ష. రెండు కవర్లూ ఒకేసారి చింపి, చీరలు మంచం మీద వేసి, కవర్లు చెత్తబుట్టలో పడేశాం. చీటీలు తర్వాత రాసి పెట్టాం. శనివారం రాత్రి అమ్మ వంటింట్లో నుంచి కాదు, కుట్టుకునే గదిలో నుంచి పిలిచింది. 'ఇంకు మరక ఉందన్నారుగా, ఏదే?' అప్పటికే కొంగు వేరుగా ఉంది, రెండంచులూ వేరుగా ఉన్నాయి. దగ్గరికి వెళితే కలరా ఉండల వాసన వచ్చింది. ఆ వాసన నాగపూర్ పార్సిల్ విప్పినప్పుడు వచ్చిందే.

ఇప్పుడు నిజం చెప్పాలి. ఒక అయిదు నిమిషాలు మేము ఇంకో ఆలోచన చేశాం. రెండు చీరలూ ఒకేలా ఉన్నాయి. సికింద్రాబాద్ చీరను కత్తెర పెట్టకుండా మరక లోపలికి మడిచి కుట్టి నాగపూర్ పంపేస్తే ఎవరికి తెలుస్తుంది? ఎవరికీ తెలియదు. ఆవిడ దాన్నే వాళ్ళమ్మ చీర అనుకుని చెల్లెలి బిడ్డను పడుకోబెట్టేది. ఆ మాట మాలో ఒకరు పైకి అన్నారు, రెండోవారు కాదనలేదు. అమ్మ తిట్టలేదు. ఫోను తెచ్చి మా ముందు పెట్టి, పక్కన కూర్చుంది.

ఫోనులో మేము చెప్పాల్సింది రెండు వాక్యాల్లో అయిపోయింది. అవతల నుంచి చాలాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత ఆవిడ అడిగింది, 'ఎన్ని ముక్కలయింది?' నాలుగు అన్నాం. కొంగు, రెండంచులు, మిగతా చీర. కనపడకుండా కలిపి కుట్టి ఇస్తాం ఆంటీ అన్నాం. 'కుట్టకండమ్మా. ఉన్నదున్నట్టు పంపించేయండి' అని పెట్టేసింది. డబ్బు మొత్తం తిరిగి పంపాం, నాలుగు ముక్కలూ మడతపెట్టి స్పీడ్ పోస్టులో పంపాం. నాలుగో రోజు డెలివరీ అయినట్టు ట్రాకింగ్‌లో కనిపించింది. ఆవిడ నుంచి జవాబు లేదు. మేము క్షమించమని మళ్ళీ మళ్ళీ మెసేజీలు రాస్తూ చెరిపేస్తూ ఉంటే అమ్మ ఒక మాట అంది, 'మాటిమాటికీ అడిగితే మిమ్మల్ని ఓదార్చే పని కూడా ఆవిడ మీదే పడుతుంది.' ఊరుకున్నాం. ఒక్క ఉత్తరం రాసి ముక్కలతో పాటు పెట్టాం కదా, అది చాలు అనుకోవాలి.

900 రూపాయల వస్తువు పోతే 900 ఇచ్చేయవచ్చు. మేము అప్పటిదాకా అలాంటి వ్యాపారమే చేస్తున్నామనుకున్నాం.

మూడు వారాలు పేజీ మూసేశాం. మళ్ళీ తెరిచినప్పుడు పద్ధతి మార్చాం. పార్సిల్ రాగానే కవరు విప్పకముందే నోట్‌బుక్‌లో నంబరు వేస్తాం. అదే నంబరు గుడ్డపేలిక మీద మార్కరుతో రాసి, చీర బయటికి తీసీ తీయగానే పిన్నీసుతో పెడతాం. కవరు పారేయం. ఒకరోజు ఒకే పార్సిల్. పంపినవాళ్ళకు చీర ఫోటో, వాళ్ళు చెప్పింది మా మాటల్లో రాసి పంపి, 'ఇదేనా?' అని అడుగుతాం. నోట్‌బుక్‌లో ఒక గడి కొత్తగా గీశాం. దాని పైన 'కత్తెర' అని ఉంటుంది. అందులో 'అవును' లేదా 'వద్దు' అని పడేదాకా అమ్మకు చీర ఇవ్వం. పరీక్షల వారంలో అసలు పార్సిలే విప్పం. ఆలస్యమైతే అవుతుంది, ముందే చెబుతాం. విచిత్రమేమిటంటే ఆలస్యమవుతుందని చెప్పినందుకు ఆర్డరు మానుకున్నవాళ్ళు ఇద్దరే.

2024 మార్చిలో నాన్నగారికి గువాహటి బదిలీ వచ్చింది. బదిలీ అంటే మీకు మేము చెప్పేదేముంది, అట్టపెట్టెలు, టీసీలు, గ్యాసు కనెక్షను. ఈసారి అవి కాక ఇంట్లో ఆరుగురి చీరలున్నాయి. వాటిని లారీలో వేయడానికి మేము ఒప్పుకోలేదు. ఆరూ ఒక సూట్‌కేసులో పెట్టి, రైల్లో మా బెర్తు కింద గొలుసు వేసి కట్టాం. అమ్మ నగలు ఏ సంచిలో ఉన్నాయో మాకు తెలియదు కానీ ఆ గొలుసు తాళం మాత్రం మా మెడలోనే ఉంది. బయలుదేరే ముందు జబల్‌పూర్ పోస్టాఫీసులో కాగితం రాసిచ్చాం, మా పేరున వచ్చేవి కొత్త అడ్రసుకు మళ్ళించమని.

గువాహటిలో క్వార్టరు వెంటనే దొరికింది. అందరూ అదృష్టమన్నారు. నాన్నగారు మళ్ళీ ఆఫీసుకు ఉత్తరం రాసి, జవాబు వచ్చేదాకా కొత్త ఆర్డర్లు తీసుకోవద్దన్నారు. ఉన్న ఆరు బొంతలూ పూర్తిచేసి పంపేశాం. పేజీలో 'ప్రస్తుతానికి ఆగాం' అని రాసి ఉంది. సాయంత్రాలు ఖాళీగా ఉండటం మాకు బొత్తిగా అలవాటు తప్పింది. అమ్మ మాత్రం వరండాలో తన పాత చీర ఒకటి మడతలు వేస్తోంది, ఎవరికని అడిగితే చెప్పదు.

మొన్న సోమవారం ఒక పార్సిల్ వచ్చింది. జబల్‌పూర్ అడ్రసు మీద గీత కొట్టి, పక్కన నీలం సిరాతో గువాహటి అడ్రసు రాసి ఉంది. ఆ చేతిరాత మాకు తెలుసు, అక్కడి పోస్ట్‌మ్యాన్ అంకుల్‌ది. పంపినావిడకు మెసేజీ పెట్టాం, ఇప్పుడు కుట్టలేం ఆంటీ, వెనక్కి పంపమంటారా అని. పాప పుట్టేది ఆగస్టులో, అప్పటిదాకా మీ దగ్గరే ఉంచండి అన్నారు. నోట్‌బుక్ తీసి 64 అని నంబరు వేసి, అప్పుడు కవరు విప్పాం. పసుపుపచ్చ వెంకటగిరి చీర. కత్తెర గడిలో 'వద్దు'.