నాన్న చూపుడు వేలు

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నారు. కథలు, కవితలు నాకు రావు. నాకు బాగా తెలిసింది మా నాన్న చేసిన పని. అదే రాస్తున్నాను.

నాన్న సామిల్లులో కోత మిషను ఆపరేటరు. ఆదివారం నన్ను చూడటానికి వస్తే గేటు దగ్గర నుంచే గట్టిగా మాట్లాడేవాడు. తిడుతున్నాడేమోనని స్నేహితులు అడిగేవాళ్ళు. తిట్టు కాదు, చెవుడు. రోజంతా ఆ మోతలో నిలబడితే ఏ చెవి ఆగుతుంది? రంపం గొంతు మాత్రం ఆయనకు బాగా తెలిసేది. బ్లేడు మొద్దుబారితే ఒక శబ్దం, పళ్ళకు మేకు తగిలితే ఇంకో శబ్దం. ఊళ్ళో పెరిగిన చెట్టు వచ్చిందంటే భయపడేవాడు. దండేనికో, బోర్డుకో ఎవరో ఎప్పుడో కొట్టిన మేకు కాండం లోపలికి పోయి ఉంటుంది. దానికి తగిలితే బ్లేడు తెగి ఎగురుతుంది.

గ్లౌజులు వేసుకోవచ్చు కదా అని ఒకసారి అడిగాను. "వద్దురా, గుడ్డ చిక్కితే చెయ్యంతా లాగేస్తుంది" అన్నాడు. కావలసింది బ్లేడుకు అడ్డంగా ఉండే గార్డు. అది ఉంటే కోత నెమ్మదిస్తుందని విప్పి మూల పడేశారు. కూలి కోసిన అడుగుల లెక్కన కాబట్టి నాన్న కూడా ఏమీ అనలేదు.

పొట్టు సంగతి సరేసరి. చెక్కపొడి క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధనా విభాగం 1995లోనే తేల్చింది. మా వాళ్ళకున్నది ముక్కుకు కట్టుకునే తువ్వాలు.

1998లో, నేను ఏడో తరగతిలో ఉండగా, నాన్న కుడిచేతి చూపుడు వేలు మొదలంటా పోయింది. ఓనరు ఆస్పత్రి ఖర్చు పెట్టుకుని, వెయ్యి రూపాయలు చేతిలో పెట్టాడు. అంతే.

డిగ్రీలో ఉండగా లైబ్రరీలో 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం చదివాను. వెనక ఒక పట్టిక ఉంది. సంపాదించే శక్తిలో ఎంత పోయినట్టో వేలు వేలుకూ లెక్క. బొటనవేలికి 30 శాతం, చూపుడు వేలికి 14, మధ్య వేలికి 12. దరఖాస్తుకు గడువు రెండేళ్ళు. మాకది ఎప్పుడో దాటిపోయింది. చదివి వినిపిస్తే నాన్న నవ్వాడు. "పద్నాలుగేనా? గీత తప్పకుండా చెక్కను తోసేది ఆ వేలేరా" అన్నాడు.

1948 ఫ్యాక్టరీల చట్టంలో కరెంటుతో నడిచే మిల్లుకు 10 మంది ఉంటే లెక్క. నాన్న మిల్లులో ఏడుగురు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కోడ్‌లో ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి ఆ సంఖ్య 20 అయింది. చిన్న మిల్లులు ఇంకా దూరం జరిగాయి.

తమ్ముళ్ళూ, మీ ఇంట్లో ఎవరైనా కోతపనికి వెళుతుంటే, ఈసారి సెలవులకు వెళ్ళినప్పుడు గార్డు ఉందా, విప్పేశారా అని అడగండి.

నాన్న 2011 వరకూ అదే మిషను మీద కోశాడు, మధ్య వేలితో చెక్కను తోసుకుంటూ.