దిల్‌లో మాట అమానత్

పోయిన నెల మా ఆపా ఫోన్ చేసింది. "నువ్వు అఖ్బార్‌లో పనిచేస్తావు కదరా, ఆ డాక్టరమ్మను అడుగు. నా బిడ్డ గంటసేపు లోపల కూర్చుని ఏం చెప్పుకుందో నాకు తెలియాలి." బిడ్డకు ఇరవై ఏళ్లు. రెండు నెలలుగా సరిగ్గా నిద్ర లేదు, తిండి లేదు.

అడిగాను. "తను ఒప్పుకోకుండా చెప్పలేనండి. ప్రాణానికి ముప్పు అనిపిస్తే నేనే మీకు ఫోన్ చేస్తాను" అందామె.

కోపమొచ్చింది. మనుషుల నోటినుంచి మాట రాబట్టడమే నా రోజీరోటీ మరి. ఆ రాత్రి కానూన్ తీసి చదివాను. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 23వ సెక్షన్. చికిత్స చేసేవాళ్లు పేషెంట్ సంగతులు దాచాలి. ప్రాణానికి ముప్పు, ఇంకొకరికి హాని, కోర్టు హుకుం వంటి కొన్ని సందర్భాల్లోనే బయటపెట్టొచ్చు. 24వ సెక్షన్ నాలాంటివాళ్ల కోసమే: ఆస్పత్రిలో చికిత్స పొందుతున్నవాళ్ల ఫొటో గానీ వివరాలు గానీ వాళ్ల ఇజాజత్ లేకుండా మీడియాకు ఇవ్వకూడదు.

అప్పుడు అమ్మీ గుర్తొచ్చింది. తమ్ముడు పోయాక అమ్మీ తన గమ్ పక్కింటి ఖాలాకు చెప్పుకుంది. మగ్రిబ్ కల్లా మొహల్లా అంతా "ఆమెకు దిమాగ్ ఖరాబైంది" అంది. అమ్మీ మళ్లీ ఎవరి దగ్గరా నోరు విప్పలేదు.

ఎవరైనా పైసలు అమానత్‌గా పెడితే మన ఇళ్లల్లో ముట్టుకోం. మాట దగ్గరే ఆ ఖౌఫ్ లేదు.

"డాక్టరమ్మను వదిలేయ్ ఆపా. బిడ్డ పక్కన కూర్చో. ఏమీ అడగకు" అన్నాను.

ఆపా చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "అమ్మీ పక్కన ఎవరు కూర్చున్నార్రా?" అంది.