తప్పు ఎక్కడుంది?

పిల్లలూ! నేను చాలా ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పి, ప్రధానోపాధ్యాయుడుగా పనిచేసి, ఇప్పుడు విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. ఎందరో పిల్లల తప్పులు ఎర్రసిరాతో దిద్దాను. ఈసారి నా తప్పు ఒకటి మీకు చెబుతాను. అది ఎట్లా దొరికిందో చూడండి.

మాది సాలూరు. వేగావతి ఒడ్డున, ఒడిశా కొండలకు పోయే దారిలో ఉన్న ఊరు. లారీలకు పేరు పొందిన ఊరు. మా ఇంట్లో ఒక కంప్యూటరూ, గోడకు రౌటరు అనే చిన్న పెట్టే ఉన్నాయి. రౌటరు పని ఏమిటంటే, బయటినుంచి వచ్చే ఇంటర్నెట్టు తీగకూ, ఇంట్లోని ఫోన్లకూ కంప్యూటరుకూ మధ్య నిలబడి, ఎవరికి వచ్చిన సమాచారం వారికి అందించటం. మా కంప్యూటరుకూ రౌటరుకూ మధ్య ఒక నీలం తీగ ఉంది.

మొన్న వేసవిలో పిడుగు పడి మా పాత రౌటరు మాడిపోయింది. నేను పెళ్ళికని బొబ్బిలి వెళ్ళిననాడు లైను మనిషి వచ్చి కొత్తది బిగించి పోయాడు. ఆనాడు ఇంట్లో ఎనిమిదో తరగతి చదివే మా మనవడు ఉన్నాడు. నేను తిరిగి వచ్చి కంప్యూటరు పెట్టి చూద్దును గదా, ఇంటర్నెట్టు లేదు!

"ఏరా, ఏం కెలికావు?" అన్నాను.

"ఏం కెలకలేదు, తాతయ్యా! పాత పెట్టెలోంచి నీలం తీగ తీసి కొత్త పెట్టెలో పెట్టాను. అంతే."

"అంతే అయితే నిన్నమొన్నటి దాకా పనిచేసినది ఇవాళ ఎందుకు చెయ్యదు? అబద్ధాలు నేర్చావా?" అని గట్టిగా కేకలు వేశాను.

వాడు మరి మాట్లాడలేదు. ఆ రాత్రి రెండు ముద్దలు తిని లేచిపోయాడు. మర్నాడు పొద్దున నా కళ్ళజోడు తెచ్చి ఇచ్చాడు గాని, రోజూలాగా "తాతయ్యా" అని పిలవలేదు.

నాకూ మనసు బాగుండక బజారుకేసి నడిచాను. దారిలో ఒక లారీ షెడ్డు ఉంది. అక్కడి మెకానిక్కు ఒకప్పుడు నా శిష్యుడు. కదలని లారీ ముందు నుంచుని ఉన్నాడు.

"ఏటి మాస్టారూ, మొకం అలగున్నాది?" అని అడిగాడు. జరిగింది చెప్పాను.

అతను నవ్వి, "లారీ కదల్లేదని డ్రైవర్ని తిడితే బండి కదుల్తాదేటండీ? ముందు బేటరీ సూస్తాం. తర్వాత వైరు సూస్తాం. తర్వాత ఆయిలు సూస్తాం. బాగున్నదాన్ని ఒగ్గీసుకుంటూ పోతే, సివరికి మిగిలిందాన్లోనే ఉంటాది తప్పు," అన్నాడు.

నాకు సిగ్గు వేసింది. సైన్సు పాఠంలో ఇదే సంగతి ఏటా చెప్పినవాణ్ణి నేను! "ఎక్కడ?" అని అడగవలసిన చోట "ఎవరు?" అని అడిగాను.

ఇంటికి వచ్చి ఒక కాగితం తీసుకుని, "రారా, ఇద్దరం కలిసి చూద్దాం," అని మనవణ్ణి పిలిచాను. వాడు కాస్త దూరంగా నుంచున్నాడు.

మొదటి ప్రశ్న: రౌటరు బాగుందా? దాని దీపాలు వెలుగుతున్నాయి. అదే రౌటరు మీద నా ఫోనులో ఇంటర్నెట్టు వస్తున్నది. కనుక రౌటరూ బాగున్నది, బయటి లైనూ బాగున్నది. రెండూ కొట్టివేశాం.

రెండో ప్రశ్న: తీగ బాగుందా? ఆ తీగలో ఎనిమిది సన్నని తీగలు, రెండేసి చొప్పున నాలుగు జంటలుగా పురి పెట్టి ఉంటాయి. ఆ పురి వల్ల బయటి విద్యుత్తు అలజడి అందులోని మాటలను అంతగా చెరపదు. తీగను రెండు వైపులా తీసి, "టిక్" మని చప్పుడయ్యేలా మళ్ళీ పెట్టాం. కంప్యూటరు వెనక తీగ దూర్చేచోట చిన్న దీపం వెలిగింది. అంటే తీగ రెండు కొసలా అందుతున్నది. అదీ కొట్టివేశాం. మనవడు పెట్టిన తీగ సరిగానే పెట్టాడు, చూశారా!

ఇక మిగిలింది కంప్యూటరు. దానిలో ఒక నల్లని కిటికీ తెరిచి "పింగ్" అనే ఆజ్ఞ ఇవ్వవచ్చు. "ఓయ్!" అని కేక వేసి, "ఆఁ!" అనే జవాబు కోసం చూడటం దీని పని. 1983లో మైక్ మ్యూస్ అనే అమెరికా ఆయన దీన్ని రాశాడు. ముందు 127.0.0.1 కు కేక వేశాం. ఇది కంప్యూటరు తనను తాను పిలుచుకునే అంకె. జవాబు వచ్చింది. తరవాత రౌటరుకు కేక వేశాం. దాని అంకె పెట్టె అడుగున చీటీ మీద ఉంది: 192.168.1.1. జవాబు లేదు!

"తాతయ్యా, మన కంప్యూటరు అంకె ఎంత?" అన్నాడు వాడు. నిన్నటినుంచి వాడు నన్ను పిలవటం అదే మొదలు.

చూస్తే 192.168.0.50 అని ఉన్నది. మా ఇళ్ళలోని ఏర్పాటు ప్రకారం మొదటి మూడు అంకెలూ వీధి పేరు వంటివి, నాలుగోది ఇంటి నంబరు. రౌటరు ఉన్నది "1" వీధిలో, కంప్యూటరు తానున్నది "0" వీధి అనుకుంటున్నది. ఎదురెదురుగా ఉండికూడా ఒకరికొకరు అందటంలేదు.

మా సాలూరు 2022 ఏప్రిల్ 4 దాకా విజయనగరం జిల్లాలో ఉండేది. ఆనాటినుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చింది. ఊరు కదలలేదు, ఏరు కదలలేదు, చిరునామా మారింది. పాత చిరునామా రాసినా మా పోస్టుమ్యాన్ సర్దుకుని ఉత్తరం ఇస్తాడు. కంప్యూటరుకు ఆ సర్దుబాటు తెలియదు.

మరి ఆ పాత అంకెను అందులో ఎవరు పెట్టారు? నాకు అనుమానం వచ్చి, బీరువాలోని నా నోటుబుక్కు తీశాను. రెండేళ్ళ కిందట ప్రింటరు పెట్టినప్పుడు, "కంప్యూటరుకు 192.168.0.50 అని స్థిరంగా ఇచ్చితిని" అని నా చేతివ్రాతే, కింద గీత గీసి మరీ ఉంది! పాత రౌటరు "0" వీధిది. కొత్తది "1" వీధిది. తప్పు నాదే.

నోటుబుక్కు వాడి చేతికి ఇచ్చాను. "నువ్వు నిజమే చెప్పావురా. వినకుండా నిన్ను అబద్ధికుణ్ణి చేశాను. నన్ను క్షమించు," అన్నాను. వాడు కాసేపు ఆ పేజీ చూసి, "తాతయ్యా, ఎర్రసిరా ఎక్కడుంది?" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

తరవాత కంప్యూటరులో ఆ అంకె తీసివేసి, "చిరునామా దానంతటదే తీసుకో" అనే చోట గుర్తు పెట్టాం. అప్పుడేమవుతుందో తెలుసా? కొత్త పిల్లవాడు తరగతిలోకి వచ్చి, "ఇక్కడ మేష్టారెవరండీ?" అని అడుగుతాడు. "నేనే, 23వ చోట కూర్చో," అంటారు మేష్టారు. "అక్కడే కూర్చోనాండీ?" అంటాడు వాడు. "కూర్చో," అని పట్టీలో రాసుకుంటారు మేష్టారు. కంప్యూటరూ రౌటరూ కూడా ఈ నాలుగు మాటలే చెప్పుకుంటాయి. ఈ పద్ధతికి డీహెచ్‌సీపీ అని పేరు, 1993లో ఏర్పడింది. ఎవరూ జవాబివ్వకపోతే చాలా కంప్యూటర్లు 169.254 తో మొదలయ్యే అంకెను తామే పెట్టుకుంటాయి. ఆ అంకె కనిపిస్తే, మేష్టారు వినలేదన్నమాట.

మా ఇంట్లో ఇంటర్నెట్టు వచ్చింది. వాడు ఆ రాత్రి మారు అన్నం కూడా అడిగి తిన్నాడు.

మీ ఇంట్లో ఇట్లా జరిగితే దీపాలు, తీగ, అంకె — వరసగా చూడండి. పెట్టెలు మాత్రం విప్పకండి. అందులో విద్యుత్తు ఉంటుంది. మీ తాతయ్య ఎవరినైనా కోప్పడబోతే, ముందు ఆయన నోటుబుక్కు తీసి చూడమనండి!