22 ఏండ్లు నిండిన పిదప

కాలిఫోర్నియాలో కాపురమున్న నా బాల్యమిత్రుని కుమార్తె, "బాబాయ్, మావాడి బడి చూద్దురుగాని రండి" అని పిలువగా వెళ్లితిని. 18 ఏండ్లు దాటిన వికలాంగ విద్యార్థులకై అచ్చటి స్కూలు డిస్ట్రిక్టువారు నడుపు ఆ బడి, ఆనాడొక కిరాణా దుకాణములో సాగుచుండెను.

పిల్లవాడు పాలడబ్బాల అర ముందు నిలిచియుండెను. ఆటిజముగల ఆ యువకుడు మితభాషి. డబ్బామీది తేదీ క్రింద చూపుడువ్రేలుంచి, అంకెలను కూడబలుకుకొని, ప్రక్కదానితో సరిచూచి, తల్లి ఇంటివద్ద నేర్పిన "పాతది ముందు, కొత్తది వెనక" అను మాటను తెలుగుననే గొణుగుకొని, డబ్బాను ముందునకు జరిపి, పేరు కనబడునట్లు త్రిప్పిన పిమ్మటగాని మరియొకదానిపై చేయి వేయడు. వెనుకనున్న శిక్షకురాలు, అతడు పొరబడినప్పుడెల్ల చేయి చాపబోయి, నిగ్రహించుకొని, తానే కనిపెట్టి దిద్దుకొనువరకు వేచియుండుట చూడగా, ఇట్టి ఓర్పును జీతమిచ్చి పోషించుచున్న ఆ ప్రజలయెడ నాకు గౌరవము పెరిగినది.

ఈ ఓర్పునకు ఆధారము శాసనము. అమెరికా కాంగ్రెసు 1975లో వికలాంగ బాలల విద్యకై చేసిన చట్టము, 1990లో సవరింపబడి, బడి విడిచిన పిదప బిడ్డ ఏ పని చేయును, ఎచ్చట నివసించును అను చింతను సైతము పాఠశాలకే అప్పగించినది. 2004 సవరణము ననుసరించి 16వ ఏటికెల్ల అందులకు వ్రాతపూర్వకమైన ప్రణాళిక యుండితీరవలెను.

ఇంటికి మరలునప్పుడు ఆ తల్లి అన్నది: "వచ్చే ఏడు వీడికి 22 నిండుతాయి, బడి అయిపోతుంది బాబాయ్. ఇక గుమ్మం ముందుకు బస్సు రాదు. వీడేమో తెల్లారకముందే బూట్లేసుకుని కిటికీ దగ్గర నిలబడతాడు. రాదని ఎలా చెప్పను?"

1969 నాటి లాంటర్‌మన్ చట్టము పుణ్యమా యని కాలిఫోర్నియాలో 21 ప్రాంతీయ కేంద్రములు ఇట్టివారిని యావజ్జీవము కనిపెట్టియుండును. అనేక రాష్ట్రములలో నట్టి హక్కు లేక, ఏండ్లతరబడి వరుసలో వేచియుండవలసినదే. మిషిగన్ రాష్ట్రమువారు 26 ఏండ్లవరకు బడి తలుపు తెరచియుంచగా, తక్కినవారికది అసాధ్యమెట్లగును? వ్రేలు తేదీపై నిలుచుట కిన్నియేండ్లు పట్టిన బిడ్డను, చేతికి పని అలవడుచున్నవేళ, పుట్టినరోజు వచ్చినదన్న కారణముచే విడిచిపెట్టుట అన్యాయమని నా నిశ్చితాభిప్రాయము.

మన దేశపు స్థితి తలంచుకొనగా నాకు దుఃఖముకంటె ఆగ్రహమే అధికమైనది. మన 2016 నాటి వికలాంగుల చట్టము ఉచితవిద్యను 6 మొదలు 18 ఏండ్లవరకే హక్కుగా నొసంగినది. ప్రభుత్వోద్యోగములలో 4 శాతము కేటాయించినదే కాని, బడికిని ఆ ఉద్యోగమునకును నడుమ చేయిపట్టి నడిపించు బాధ్యతను పాఠశాలపై నుంచలేదు. నేర్పు విద్య మనకు లేదా? ఇట్టివారికై 1984లో నెలకొన్న జాతీయసంస్థ సికింద్రాబాదు మనోవికాసనగరముననే యున్నదిగదా! అయినను పల్లెలలో 18 నిండిన బిడ్డ సాధారణముగా ఇంటి అరుగుమీదనే మిగిలిపోవుచున్నాడు. తల్లి కూలికి పోవలెనన్న వానికెవరు కావలి?

వికలాంగ బాలలకై మండలములలోనున్న భవిత కేంద్రములు ఇప్పటికే మనకున్నవి. ఉభయ తెలుగురాష్ట్రముల విద్యాశాఖలవారు వానిని ఈ యువకులకు 22 ఏండ్లవరకైనను తెరచియుంచి, పని నేర్పువారిని నియమింపవలెనని వేడుచున్నాను. ఆయా ఊళ్ల కిరాణా వర్తకులు సైతము వారమున కొకపూట తమ దుకాణపు అర నొకదానిని వీరిచేతికి విడువవలెను.