ముందు పని... ధైర్యం ఆ తర్వాత

శుభలేఖలు అచ్చు వేయించి ఊరంతా పంచుతారు. విడాకుల డిక్రీని మాత్రం బీరువాలో చీరల అడుగున దాచేస్తారు. పెళ్లి ఎలా చేయాలో చెప్పడానికి ఇంటినిండా పెద్దలుంటారు. అది విడిపోయాక ఎలా బతకాలో చెప్పేవాళ్లే కరవు. 'జరిగిందేదో జరిగింది, మర్చిపోమ్మా' అంటారు. అంతే!

మర్చిపోవడం అంత తేలికా?

ఏ ఊరి అమ్మాయైనా అనుకోండి. ముప్ఫై దాటాయి. ఏడేళ్ల పాప. డిగ్రీ చదివినా, పెళ్లయ్యాక ఉద్యోగం మానేసింది. పుట్టింట్లో ఒకప్పుడు తనదైన గదిలో ఇప్పుడు తమ్ముడి పిల్లలు చదువుకుంటున్నారు. అమ్మానాన్నలకు ప్రేమ లేక కాదు, నలుగురూ ఏమనుకుంటారోనన్న బెంగ. శ్రావణ శుక్రవారం పక్కింటావిడ వచ్చి అమ్మనీ, మరదలినీ పేరంటానికి పిలుస్తుంది. పక్కనే నిలబడ్డ ఆమెను చూసి ఓ నవ్వు నవ్వి వెళ్లిపోతుంది. కోర్టు మెట్లెక్కినప్పుడు లేని నీరసం అప్పుడు ఆవహిస్తుంది.

'ధైర్యంగా ఉండు' అని అందరూ చెబుతారు. ఆ ధైర్యం ఎక్కడ దొరుకుతుందో ఎవరూ చెప్పరు. అది వచ్చాక పనులు మొదలుపెడదామని కూర్చుంటే ఆ రోజు ఎప్పటికీ రాదు. పని మొదలుపెడితే మాత్రం ధైర్యం మెల్లగా వెనకే వస్తుంది.

మొదటి పని కాగితాలు. బీరువాలో దాచిన డిక్రీని బయటికి తీయాలి. కోర్టు నుంచి దాని సర్టిఫైడ్ కాపీలు రెండు మూడు తీసుకుని ఉంచుకోవాలి. బీమా పాలసీలో, బ్యాంకు ఖాతాలో మాజీ భర్త నామినీగా ఉంటే, విడాకులు వచ్చినంత మాత్రాన ఆ పేరు దానంతటదే పోదు. వెళ్లి ఫారం నింపి మార్చుకోవాల్సిందే. కొన్నిచోట్ల నిబంధనలూ మారాయి. విడాకులు తీసుకున్నవాళ్లు పాస్‌పోర్టు దరఖాస్తులో జీవిత భాగస్వామి పేరు రాయనక్కర్లేదని విదేశాంగ శాఖ 2016 డిసెంబరులో ప్రకటించింది. తల్లి ఒక్కతే పెంచుతున్న పిల్లలకు పాన్ కార్డు దరఖాస్తులో తండ్రి పేరు తప్పనిసరి కాదంటూ 2018 డిసెంబరు 5 నుంచి కొత్త నిబంధన వచ్చింది.

మొదటి ఫారంలో 'వివాహితా? అవివాహితా?' అన్న గడి దగ్గర పెన్ను ఆగిపోతుంది. రెండోసారి చేయి కాస్త వణుకుతుంది. ఐదో ఫారం నాటికి అది పుట్టినతేదీ లాంటి మరో గడి... అంతే.

రెండోది డబ్బు. 'ఏమీ వద్దు, వదిలిపెడితే చాలు' అని సంతకం పెట్టేసేవాళ్లు ఎందరో. అలసటలో ఆ మాట వస్తుంది. కానీ పాప స్కూలు ఫీజు ఏటా కట్టాలి కదా! హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్ ప్రకారం శాశ్వత భరణాన్ని డిక్రీ సమయంలోనే కాదు, ఆ తర్వాతా కోరవచ్చు. అయితే రాజీ పత్రంలో ఏం రాసి సంతకం పెట్టారన్నది కీలకం. అందుకే చదవకుండా దేనిమీదా సంతకం పెట్టకూడదు. పెళ్లిలో ఆమెకు పెట్టిన బంగారం స్త్రీధనం. అది పూర్తిగా ఆమెదేనని ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు 1985లోనే తేల్చింది. లాయరు ఫీజుకు డబ్బుల్లేవా? 1987 నాటి న్యాయసేవల చట్టం కింద ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు ఉచిత న్యాయసహాయం అందుతుంది. ఫోన్ నంబరు 15100.

మూడోది మనసు. ఏడుపు వస్తే ఏడవాలి. తప్పేం లేదు. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, బతకాలని లేదనిపించినా మాత్రం ఆలస్యం చేయకూడదు. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్‌కు 14416 నంబరులో ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇది ఆడవాళ్లకే కాదు. 'మగాడివి, ఏడుస్తావేంటి' అన్న మాటకు నోరు మూసుకున్న మగవాళ్లకూ వర్తిస్తుంది.

మరి ఇంట్లోవాళ్లు? వాళ్లు చేయాల్సింది పెద్దదేం కాదు. ఇంటి తాళంచెవి ఒకటి ఆమె చేతికివ్వాలి. కూతురు పుట్టింట్లో చుట్టం కాదు. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకుతో సమానంగా ఆమెకూ హక్కుందని 2005 చట్ట సవరణ దేశమంతటికీ చెప్పింది. 'మళ్లీ సంబంధం చూద్దామా' అని తొందరపెట్టకుండా ఆమె అడిగేదాకా ఆగడం కూడా సాయమే. ఇక పాప దగ్గర తండ్రిని తిట్టకూడదు. 'సంక్రాంతికి నాన్న వస్తాడా?' అని అడిగితే అబద్ధం చెప్పకూడదు. 'మేమిద్దరం ఒకే ఇంట్లో ఉండం. అందులో నీ తప్పేం లేదు' అన్న మాట ఆ పసిదానికి చాలా అవసరం.

ఆ తర్వాత ఉద్యోగం. మధ్యలో పోయిన ఏళ్లవల్ల మొదటి జీతం చిన్నదే కావచ్చు. అయినా తన ఖాతాలో తన పేరున పడుతుంది. ఆ జీతంలోంచే పాపకు చెప్పులు, ఒక సెకండ్ హ్యాండ్ స్కూటీ, చివరికి రెండు గదుల పోర్షన్.

ఇల్లు చూడ్డానికి వెళితే ఓనరుగారు అడిగే మొదటి ప్రశ్న తెలిసిందే... 'మీవారు ఏం చేస్తారమ్మా?' ఏడాది కిందటైతే తల దించుకుని వెనక్కి వచ్చేసేది. ఇప్పుడు నిలబడి చెబుతుంది.

"విడాకులు తీసుకున్నామండీ. నేనూ, మా పాపా ఉంటాం. ఐదో తారీఖుకల్లా అద్దె ఇచ్చేస్తాను. మంచినీళ్లు ఏ టైముకు వస్తాయి?"