శనివారం రాత్రి ఫోన్ ఎత్తేదెవరు?

విజయవాడలో ఒక మద్య విముక్తి కేంద్రం. మధ్యాహ్నం కంచాలు తీసేసిన బల్ల మీదే ల్యాప్‌టాప్ తెరిచారు ఇంజినీరింగ్ కుర్రాళ్లు. తాగుడు మానినవాళ్లు మళ్లీ అటు మళ్లకుండా తోడుండే మొబైల్ యాప్ ఒకటి తయారు చేస్తున్నారు. వాడబోయేవాళ్లకే ముందు చూపించాలని వచ్చారు. గోడ మీద పడ్డ మొదటి తెరలో పెద్ద అంకె: 110. మానేసిన రోజుల లెక్క అది. ఒక్క పెగ్గు పడినా సున్నా అయిపోతుంది.

ఆటోనగర్‌లో లారీ ఇంజన్లు విప్పే మెకానిక్ ఒకాయన, ఏడాది పైగా మందు ముట్టనివాడు, చెయ్యెత్తాడు. "తమ్ముడూ, నాలుగు నెలలు ఉగ్గబట్టుకున్నోడు ఏదో పెళ్లిలో ఒక పెగ్గేశాడనుకో. తెల్లారి నీ ఫోన్ సున్నా అంటే ఏం చేస్తాడు? ఎలాగూ పోయిందిగా అని ఫుల్ బాటిల్ తెచ్చుకుంటాడు."

అమెరికన్ మనస్తత్వవేత్త అలన్ మార్లట్, జుడిత్ గోర్డన్‌తో కలిసి 1985లో వెలువరించిన పుస్తకంలో చెప్పింది దాదాపు ఇదే. ఒకసారి జారడం కన్నా, జారాక 'ఇంక నా వల్ల కాదు' అనుకోవడమే మనిషిని ముంచుతుంది. మెకానిక్ ఆ పుస్తకం చదవలేదు, ఆయనకు ఆ అవసరమూ లేదు. కుర్రాళ్లు అక్కడికక్కడే లెక్క మార్చుకున్నారు: ఏడాదిలో తాగని రోజులెన్నో చూపాలి, ఒక రోజు పోతే ఒకటే తగ్గాలి.

వాళ్లు నమూనాగా పెట్టుకున్నది విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ గుస్తాఫ్‌సన్ బృందం చేసిన ఎ-చెస్ అనే యాప్. చికిత్స ముగించి ఇంటికి వెళ్లిన 349 మందితో జరిపిన ఆ పరీక్ష ఫలితాలు 2014లో అచ్చయ్యాయి. యాప్ అందినవాళ్లు హద్దు మీరి తాగిన రోజులు నెలకు సగటున 1.39, అందనివాళ్లవి 2.75. అందులో పేరుపడ్డ ఏర్పాటు ఒకటుంది. పాత అలవాటున్న చోటికి దగ్గరపడితే ఫోన్ శాటిలైట్ ద్వారా కనిపెట్టి హెచ్చరిస్తుంది.

ఈ ముక్క వినగానే గదిలో నవ్వులు. "ఏ వీధిలో లేదు బాబూ షాపు? పొద్దస్తమానం మోగుతూనే ఉంటుంది" అన్నాడొక ఆటో డ్రైవర్.

కైకలూరు వైపు రొయ్యల చెరువు కాపలాకు పోయే నడివయసు మనిషి మాత్రం నవ్వలేదు. తనకు చోటుతో పేచీ లేదు, వేళతోనే అన్నాడు. అర్ధరాత్రి ఏరియేటర్ల హోరు. కరెంటు పోతే లేచి జనరేటర్ వేయాలి, లేకపోతే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది. పలకరించే మనిషి ఉండడు. నిద్ర ఆపుకోవడానికి మొదలైన క్వార్టర్ ఆసుపత్రి దాకా తెచ్చింది. ఆయన తర్వాత ఒక్కొక్కరూ తమ వేళలు చెప్పుకొచ్చారు: శనివారం కూలి డబ్బులు చేతికొచ్చే సాయంత్రం, సంక్రాంతి కోడిపందేల బరి, పెద్దకర్మ రోజు రాత్రి. వీటిలో ఒక్కటీ కుర్రాళ్ల కోడ్‌లో లేదు. శాటిలైట్‌కు తెలిసేదాని కన్నా ఇంటావిడకు తెలిసిన క్యాలెండరే ఇక్కడ పనికొస్తుందని నాకనిపించింది.

అసలా ఫోన్ ఎవరిది? రాత్రి పూట పిల్లలు కార్టూన్లు చూస్తారు, పండక్కొచ్చిన బావమరిది తిప్పి చూస్తాడు. 'ఈరోజు తాగాలనిపించిందా?' అని తెర మీద పడితే పరువేం కావాలి? భర్త పక్కన కూర్చున్న ఒకామె పరిష్కారం చెప్పింది: "పంచాంగం బొమ్మ పెట్టండి బాబూ. ఎవరూ తెరవరు." ఆమెది ఉత్త హాస్యమేమీ కాదు. తాగుడు చికిత్సనిచ్చే మాన్యుమెంట్ అనే అమెరికన్ సంస్థ తన దగ్గరికొచ్చినవాళ్ల వివరాలను ప్రకటనల కోసం బయటి కంపెనీలకు చేరవేసిందని అక్కడి ప్రభుత్వ సంస్థ 2024లో చర్య తీసుకుంది. బావమరిది కంట పడకుండా దాచుకున్నది ప్రకటనల కంపెనీకి తెలిసిపోతే ఏం లాభం?

నా పక్కన కూర్చున్న నర్సమ్మ బాధ వేరు. వార్డుకొచ్చే ఆడవాళ్లు ఆమెను చాటుకు పిలిచి ఒకటే అడుగుతారట: కాఫీలో, కూరలో ఆయనకు తెలియకుండా కలిపే మందు ఉందా అని. వాళ్లు విన్నది తరచూ డైసల్ఫిరామ్ గురించే, 1948లో కోపెన్‌హాగన్ పరిశోధకులు లోకానికి తెలిపిన మాత్ర. అది ఒంట్లో ఉండగా తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడి, బీపీ పడిపోతుంది. తెలిసి, ఒప్పుకుని, డాక్టర్ కనిపెట్టి ఉండగా వేసుకోవాల్సింది. చాటుగా పెడితే ప్రాణం మీదికొస్తుంది. యాప్‌లో భార్యలకంటూ ఒక గది ఉండాలనీ, అందులో మొదటి జవాబు దీనికే ఉండాలనీ ఆమె పట్టు.

కేంద్రం డాక్టర్ గారు ఇంకా ముందుకెళ్లి, తెరిచీ తెరవగానే ఒక హెచ్చరిక కనపడాలన్నారు. ఏళ్ల తరబడి రోజూ తాగేవాడు పౌరుషానికి ఇంట్లోనే హఠాత్తుగా మానేస్తే ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మూడో నాలుగో రోజున మతి తప్పవచ్చు, ప్రాణమే పోవచ్చు. 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో మద్యం వల్ల సాయం కావలసిన స్థితిలో ఉన్నవాళ్లు 5.7 కోట్ల మంది. మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. మిగతావాళ్లలో ఎందరో ఇంట్లోనే ప్రయత్నిస్తారు కాబట్టి, యాప్ ముందు వాళ్ల చేతికే చిక్కుతుందని ఆయన లెక్క.

చివర్లో చర్చంతా తెర అడుగున ఉన్న ఎర్ర బొత్తాం చుట్టూ తిరిగింది. మనసు లాగినప్పుడు నొక్కితే ఎవరికో ఫోన్ వెళ్లాలి. ఎవరికి? జాతీయ హెల్ప్‌లైన్ 14446 ఉంది, టెలి మానస్ 14416 ఉంది. "వాళ్లకు నా మొహం తెలియదుగా" అన్నాడు చెరువు కాపలాదారు. కేంద్రంలో కౌన్సిలర్ ఒక్కరే, సాయంత్రం అయిదింటికి ఇంటికెళ్లిపోతారు. కుర్రాళ్లు చాట్‌బాట్ పెడదామన్నారు, ఎవరూ బదులివ్వలేదు. కాసేపటికి నర్సమ్మ కాగితం తీసి వారాలు గీసింది. ఏడాది దాటినవాళ్లు తలా ఒక రాత్రి పంచుకోవాలి.

మెకానిక్ శనివారం రాసుకోమన్నాడు. రాసుకున్నాక, రీచార్జి ఎవరు చేయిస్తారో కూడా ఇప్పుడే తేల్చమన్నాడు.