పిడికెడు బియ్యంతో నిలిచిన పీఠం: డోర్నకల్ దర్శనం

సికింద్రాబాదు నుండి విజయవాడకు పోయే రైలుమార్గంలో మహబూబాబాదు దాటిన తరువాత, ఖమ్మం చేరకముందు వచ్చే కూడలి స్టేషను డోర్నకల్. ఇక్కడి నుండి ఒక శాఖ కారేపల్లి మీదుగా కొత్తగూడెం వైపు, సింగరేణి బొగ్గుగనుల సీమకు చీలిపోతుంది. మన ఉద్యోగి మిత్రులలో చాలామందికి ఈ ఊరు బండి మారే చోటుగానే పరిచయం. ప్లాట్‌ఫారం మీద టీ తాగి, మరో బండి ఎక్కి వెళ్ళిపోతాము. స్టేషను దాటి ఊరిలోనికి నడిచినవారు తక్కువ.

కాని క్రైస్తవ సంఘ చరిత్రను చదివేవారికి డోర్నకల్ పేరు దేశదేశాలలోను సుపరిచితం. ఇంగ్లండు దేశపు అధికార మతసంఘం నుండి విస్తరించిన శాఖను ఆంగ్లికన్ సంఘం అంటారు. ఆ సంఘం మొట్టమొదటిసారిగా ఒక భారతీయుణ్ణి బిషప్‌గా అభిషేకించినప్పుడు ఆయనకు పీఠంగా ఏర్పడినది మద్రాసో, కలకత్తానో కాదు. నిజాం రాజ్యపు ఆగ్నేయ మూలన, చుట్టూ మెట్టపొలాలు, అడవులు ఉన్న ఈ చిన్న ఊరు. మేము కొందరం కుటుంబాలతో కలిసి ఒక ఆదివారంనాడు ఈ స్థలాన్ని చూడబోయాము. మాలో అన్ని మతాలవారు ఉన్నారు. భక్తితో వచ్చినవారు కొందరైతే, ఒక పెద్ద సంస్థ ఇంత చిన్న ఊరి నుండి ఎలా నడిచిందో తెలుసుకోవాలనే కుతూహలంతో వచ్చినవారే ఎక్కువ.

పరాయి నేల నుండి వచ్చిన సేవకుడు

ఆ తొలి భారతీయ బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య. ఆయన తెలుగువారు కారు. 1874 ఆగస్టు 17న తమిళనాడులోని తిరునెల్వేలి ప్రాంతంలో, వెళ్ళాళన్‌విళై అనే పల్లెలో ఒక గ్రామ పాదిరి ఇంట జన్మించారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దక్షిణదేశమంతటా తిరిగారు. పరదేశపు ధనంతో, పరదేశపు మనుషులతో మాత్రమే సంఘం నడవటం ఆయనకు నచ్చలేదు. భారతీయుల ధనంతో, భారతీయుల నిర్వహణలో పనిచేసే సంస్థలు ఉండాలన్న తలంపుతో 1903లో తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ ఏర్పడటానికి, 1905లో సెరాంపూరులో నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పడటానికి ముఖ్యకారకులైనవారిలో ఆయన ఒకరు. తిరునెల్వేలి సొసైటీ తన పనికి ఎన్నుకున్న ప్రదేశమే డోర్నకల్. ఇతరులను పంపి తాను మద్రాసులో కూర్చోవటం ధర్మం కాదని తలచి, 1909లో గురుత్వాభిషేకం పొంది అజరయ్య స్వయంగా ఇక్కడికి వచ్చారు. తెలుగు నేర్చుకున్నారు.

1910లో స్కాట్లాండు రాజధాని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. ఆ సభలో ఆయన చేసిన ప్రసంగం ఎందరికో మింగుడుపడలేదు. తెల్లవారైన మిషనరీలు భారతీయ సహోద్యోగులకు ధనమిస్తున్నారు, శ్రమిస్తున్నారు, త్యాగాలు చేస్తున్నారు. కాని స్నేహితులుగా సమాన స్థానంలో కూర్చుండబెట్టడం లేదు అన్నది ఆ ప్రసంగ సారాంశం. పైవారు, కిందివారు అన్న తేడా పనిలో ఉండవచ్చు, మనుషుల మధ్య ఉండరాదు అన్న ఆ మాట నేటికీ ఏ కార్యాలయంలోనైనా తలచుకోదగినదని మాకు తోచింది.

ఆయనను బిషప్‌గా నియమించాలన్న ప్రతిపాదనకు మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ అండగా నిలిచారు. వ్యతిరేకించినవారు ఆంగ్లేయులలోను ఉన్నారు, భారతీయులలోను ఉన్నారు. చివరకు 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్ కెథెడ్రల్‌లో ఆయన అభిషేకం జరిగింది. నాటి నుండి 1945 జనవరి 1న కన్నుమూసే వరకు, ముప్పది రెండేళ్ళ పాటు, ఆయన డోర్నకల్ పీఠంలోనే ఉన్నారు.

అంచెలంచెల నిర్మాణం

బిషప్ పర్యవేక్షణలో ఉండే ప్రాంతాన్ని డయోసీస్ అని, తెలుగులో అధ్యక్ష మండలం అని అంటారు. మొదట చిన్నదైన డోర్నకల్ మండలం 1920ల తొలినాళ్ళలో ఎంతో విస్తరించింది. అటు మచిలీపట్నం వైపు కృష్ణా, గోదావరి సీమలు, ఇటు కర్నూలు, నంద్యాల సీమలు దానిలో చేరాయి. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ 1843లో స్థాపించిన విద్యాలయం, గోదావరి ఒడ్డున దుమ్ముగూడెంలో కోయల మధ్య జరిగిన మిషను కృషి, ఇలా అప్పటికే వేళ్ళూనుకున్న పనులు ఒకే మండలం నీడకు వచ్చాయి.

ఇంత విస్తీర్ణాన్ని ఒక మూల నుండి పాలించటం ఎట్లు? మన సంస్థలో కేంద్ర కార్యాలయం, ఏరియాలు, యూనిట్లు ఉన్నట్లే అక్కడ కూడ అంచెలున్నాయి. అన్నిటికీ పునాది గ్రామ సంఘం. కొన్ని గ్రామ సంఘాలు కలిస్తే ఒక పాస్టరేట్, దానికొక గురువు. కొన్ని పాస్టరేట్లు కలిస్తే ఒక డీనరీ. అన్నిటి మీద అధ్యక్ష మండల సభ. ఆ సభలో గురువులే కాదు, సంఘాల తరఫున ఎన్నికైన సామాన్యులు కూడ కూర్చుంటారు. లెక్కలు అడుగుతారు, తీర్మానాలు చేస్తారు.

అయితే ఈ భవనానికి అసలు ఇటుక గ్రామోపాధ్యాయుడు. అందరూ ఆయనను పంతులుగారు అనేవారు. పగలు పిల్లలకు అక్షరాలు దిద్దించటం, కూలివారు పొలాల నుండి తిరిగివచ్చిన తరువాత రాత్రి దీపం ముందు పెద్దలకు చదువు, ప్రార్థన చెప్పటం, జబ్బుపడినవారిని ఆసుపత్రికి పంపటం, తగవులు తీర్చటం, అర్జీలు వ్రాసిపెట్టటం ఆయన పనులు. 1930ల నడుమనాటికి ఈ మండలంలో ఇటువంటి ఉపాధ్యాయులు రెండు వేలకు పైగా ఉండేవారు. వైద్యశాలలు, సహకార సంఘాలు, ముద్రణాలయం కూడ నడిచేవి. గురువుల శిక్షణ డోర్నకల్‌లో తెలుగులోనే జరిగేది. ఇంగ్లీషు రాని రైతుకూలీల మధ్య పనిచేయవలసినవాడికి ఇంగ్లీషులో తర్ఫీదు ఎందుకన్నది అజరయ్యగారి అభిప్రాయం. విద్యార్థులతోపాటు వారి భార్యలకు కూడ చదువు చెప్పేవారు. ఈ పనిలో అజరయ్యగారి సతీమణి అన్బు మరియమ్మాళ్ కృషి గణనీయమైనది.

సహకార సంఘాల విలువ ఆనాటి పరిస్థితులు తెలిస్తేగాని బోధపడదు. నిజాం రాజ్యంలో అప్పు తీర్చలేని పేదవాడు దొర ఇంట జీతం లేని పాలేరుగా ఏళ్ళ తరబడి పడివుండవలసివచ్చేది. దీనిని భగేలా అనేవారు. సంఘంలో చేరినవారిలో అత్యధికులు ఊరి వెలుపల వాడల్లో నివసించే మాల, మాదిగ కుటుంబాలవారు. వారికి న్యాయమైన వడ్డీకి దొరికిన పది రూపాయలు ఒక మనిషి స్వేచ్ఛతో సమానం.

కుండలో నుండి సంచిలోనికి

ఈ పేదవారి దగ్గర నుండి సంఘం కానుక అడిగిందంటే మొదట మాకు ఆశ్చర్యం కలిగింది. ప్రతి పూట వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరుగా ఉంచేది. వారాంతంలో ఆ బియ్యం గుడికి చేరేది. కోతకాలపు పండుగకు ధాన్యం, కోళ్ళు, గుమ్మడికాయలు తెచ్చి గుడిలో పెట్టేవారు. వాటిని వేలం వేసి సొమ్ము జమకట్టేవారు. ఇవ్వటం గురించి అజరయ్యగారు ప్రత్యేకంగా ఒక పుస్తకమే వ్రాశారు.

గుడి ఆవరణలో చెట్టు నీడన కూర్చున్న ఒక వృద్ధురాలిని మాతో వచ్చిన ఒక సోదరి ఈ సంగతే అడిగింది: "అమ్మా, తినటానికే చాలనప్పుడు పిడికెడు ఎలా తీసేవారమ్మా?"

ఆమె నవ్వి, "పిడికెడు తీస్తే కుండ తరుగుద్దా బిడ్డా! మా అత్త చెప్పేది. అప్పటిదాక ఊళ్ళె అందరు మాకు ఇచ్చేటోళ్ళే, మేం చెయ్యి చాపేటోళ్ళమే. ఆ పిడికెడు తీసిన్నాడు మేం గూడ ఇచ్చేటోళ్ళమైనం" అన్నది.

ఆ మాట విన్న తరువాత మాకు ఈ వ్యవస్థ కీలకం అర్థమైనట్లనిపించింది. బియ్యం గుప్పెడే. కాని అది తీసిన చేయి అంతకుముందు తరతరాలుగా చాచిన చేయి. దానం పొందినవాడు కృతజ్ఞుడౌతాడు; దానం చేయగలిగినవాడు మనిషిగా తలెత్తుకుంటాడు. పరదేశపు చందాల మీద మాత్రమే నడిచివుంటే ఈ సంఘం చందాలు ఆగిననాడే ఆగిపోయేది.

తామర మీద సిలువ

ఊరిలో ముఖ్యంగా చూడదగినది ఎపిఫనీ కెథెడ్రల్. తూర్పుదేశపు జ్ఞానులు శిశువైన క్రీస్తును దర్శించిన పండుగే ఎపిఫనీ. ఆ పండుగనాడే, 1939 జనవరి 6న, ఈ దేవాలయ ప్రతిష్ఠ జరిగింది. నిర్మాణం దాదాపు పాతికేళ్ళు సాగింది. దూరం నుండి చూస్తే గుమ్మటాలు మసీదును తలపిస్తాయి. లోనికి వెళ్తే స్తంభాల వరుస దక్షిణాది కోవెల మండపాన్ని గుర్తుకు తెస్తుంది. తామరపూవు మీద సిలువ ఈ మండలపు చిహ్నం. ఇంగ్లండులోని చర్చిని తెచ్చి ఇక్కడ నాటినట్లు కాక, ఈ మట్టిలో మొలిచినట్లు ఉండాలన్న కోరిక రాతిలో కనిపిస్తుంది. ఆరాధనలో కూడ తెలుగు కీర్తనలకు, తాళాలకు, మద్దెలలకు అజరయ్యగారు చోటిచ్చారు. ఆయన సమాధి కూడ డోర్నకల్‌లోనే ఉన్నది. మా పిల్లలు అక్కడ చెప్పులు విడిచి, ఎవరూ చెప్పకుండానే మాటలు తగ్గించారు.

తీరని ప్రశ్నలు

అంతా సాఫీగా సాగిందని చెప్పటం సత్యదూరం. అజరయ్యగారి కాలంలో ఈ మండలంలోని ఆంగ్లికన్ క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది. ఈ సామూహిక మతమార్పిడులను గాంధీజీ విమర్శించారు. 1936, 1937 సంవత్సరాలలో వీరి మధ్య అభిప్రాయభేదం తీవ్రంగానే నడిచింది. ఇద్దరూ అస్పృశ్యతను ద్వేషించినవారే. దానికి మందు ఏదన్న దగ్గరనే తేడా. మరొక వంక, క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు కావాలన్న కోరికను అజరయ్య వ్యతిరేకించారు. తన సంఘం దేశంలో వేరొక దీవిగా మిగలరాదన్నది ఆయన పట్టుదల.

కులం కూడ గుడి గుమ్మం దగ్గర చెప్పులతోపాటు ఆగిపోలేదు. ఒకే పంక్తిలో కూర్చోవటానికి, ఒకే పాత్రలోని ప్రసాదం పుచ్చుకోవటానికి మాల, మాదిగ కుటుంబాలను ఒప్పించటానికి గురువులు ఎంతో పాటుపడవలసివచ్చింది. ఇక 1950నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల గుర్తింపును హిందువులకు పరిమితం చేసింది. తరువాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ గుర్తింపు లభించింది, క్రైస్తవులకు లభించలేదు. వాడ అదే, పని అదే, అవమానమూ అదే అయినప్పుడు కాగితం మీద కులం ఎలా మారుతుందన్న ప్రశ్న మేము మాట్లాడిన యువకుల నోట వినిపించింది. దానికి మా దగ్గర జవాబు లేదు.

వృక్షం, కొమ్మలు

వేరువేరు ప్రొటెస్టెంటు శాఖలు ఒకటి కావాలన్న సంకల్పానికి 1919లో తరంగంబాడిలో జరిగిన సమావేశం నాంది పలికింది. అందులో ముఖ్యపాత్ర అజరయ్యదే. ఫలితాన్ని ఆయన కన్నులారా చూడలేదు. 1947 సెప్టెంబరు 27న, స్వాతంత్ర్యం వచ్చిన ఆరు వారాలకు, దక్షిణ ఇండియా సంఘం మద్రాసులో అవతరించింది. డోర్నకల్ అందులో ఒక మండలమైంది. కృష్ణా గోదావరి మండలం అప్పుడే వేరుపడింది. 1978లో కరీంనగర్ మండలం విడివడింది. ఒకనాడు డోర్నకల్‌కు చెందిన నంద్యాల సీమ తరువాత ప్రత్యేక మండలమైంది. దక్షిణ ఇండియా సంఘపు తొలి మహిళా బిషప్‌గా ఎగ్గోని పుష్పలలిత 2013లో అభిషిక్తులైనది ఆ నంద్యాల పీఠానికే. తొలి భారతీయ బిషప్‌ను చూసిన తెలుగు నేల శతాబ్దం తరువాత తొలి మహిళా బిషప్‌ను కూడ చూసింది.

2016లో జిల్లాల పునర్విభజన జరిగిన తరువాత, అంతవరకు వరంగల్ జిల్లాలో ఉన్న డోర్నకల్ మహబూబాబాదు జిల్లాలో చేరింది. రైలు సౌకర్యం ఉన్నందున వెళ్ళిరావటం సులభం. ఆదివారం ఉదయం ఆరాధన సమయంలో నిశ్శబ్దంగా కూర్చోదలచినవారు ఆ వేళకు, కట్టడాన్ని తీరికగా చూడదలచినవారు ఇతర దినాలలోను వెళ్ళటం మంచిది.

బదిలీల మీద భాష తెలియని ఊళ్ళకు వెళ్ళి పనిచేసే మన ఉద్యోగులకు, పరాయి నేల నుండి వచ్చి, ఇక్కడి మాట నేర్చి, ఇక్కడి మట్టిలోనే కలిసిన ఒక మనిషి కథ ఈ ఊరిలో దొరుకుతుంది. అంతకంటె విలువైనది, ఏమీ లేనివారనుకున్నవారు తమ కుండలో నుండి పిడికెడు తీసి ఒక సంస్థను నిలబెట్టుకున్న కథ. ఈసారి డోర్నకల్‌లో బండి మారవలసివస్తే, ఒక బండిని విడిచిపెట్టి తరువాతి బండికి బయలుదేరండి. ఆ నడిమి రెండు గంటలు వృథా కావు.